చలిపెట్టెకు వచ్చిన చుట్టం

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున మబ్బు, మధ్యాహ్నానికి ఎండ. వీధి తలుపు బందులకు నూనె వేశాను. ఇక కిర్రుమనదు.

ప్రయోగశాలలో మా చలిపెట్టె తెల్లవారేసరికి పూర్తి చలికి దిగింది. పదింటికి మొదటి పరీక్ష. మేడం నల్ల స్పాంజిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి పెట్టె కిటికీ ముందు పట్టుకున్నారు. చిప్పు మీద మూడు వందల గీతలుంటే ఏడో ఎనిమిదో తప్ప అన్నీ పలికాయి. ఇంత మంచి చిప్పు మాకు ఇదే మొదలు. మేడం స్పాంజి చేతిలో ఉందని కూడా చూసుకోకుండా గంతేసినంత పని చేశారు. నేను వాల్వు దగ్గరికి నా పనికి వెళ్ళాను.

పదకొండున్నరకు చుట్టం వచ్చాడు.

ఆ పేరు లెక్కల మాస్టారు పెట్టారు. ఆయన ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. ఇప్పుడు తెర మీద మా గీతలు చదువుతారు. అన్నీ తిన్నగా పోతుంటాయా, ఉన్నట్టుండి మూకుమ్మడిగా ఊగడం మొదలుపెడతాయి. పైకి, కిందికి, మళ్ళీ పైకి. కాసేపుండి ఆగిపోతుంది.

"చెప్పా పెట్టకుండా వస్తాడు. తోచినంతసేపు కూర్చుంటాడు. ఎందుకొచ్చాడో చెప్పడు. చుట్టం కాకపోతే ఏంటి గురూ?" అన్నారు మాస్టారు.

మేడం సాయంత్రం మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. కొండ మీది టెలిస్కోపు వాళ్ళు ఈ నెల ఇరవై ఆరు దాకా ఆగుతారట. ఆలోగా చుట్టాన్ని సాగనంపి, వస్తున్నాం అని చెబితే వంతు మాది. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్ళీ మూడేళ్ళు. పెట్టెతో పాటు వెళ్ళేది ఇద్దరే. మాస్టారు, చల్లబరిచే మనిషి.

"చల్లబరిచే మనిషంటే మీరే కదా బాబాయ్ గారూ," అన్నారు మేడం.

తల ఊపాను.

పదకొండేళ్ళుగా ఈ పెట్టెను చల్లబరుస్తున్నాను. ఆ టెలిస్కోపును ఫొటోలో తప్ప చూడలేదు. చూడాలన్న ఆరాటం కూడా ఏమీ లేదు.

దారిలో ఉన్ని సాక్సులు ఒక జత కొన్నాను. ఈమధ్య ఇంట్లో నేల చల్లగా ఉంటోంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఎండ. స్నానాల గది కుళాయికి వాషరు మార్చాను. చుట్టం రెండుసార్లు వచ్చాడు.

ఫిబ్రవరి 5, బుధవారం

ఎండ. గొడుగు కుట్టించాను.

భోజనం దగ్గర మా ఆవిడ అంది: "పక్కింటావిడ అడిగింది, మీ ఆయన ఏం చేస్తారని. ఐస్ చేస్తారని చెప్పాను. సరిపోతుందా?"

సరిపోదన్నాను. ఇన్నేళ్ళకు అడిగింది కదా అని వివరంగా చెప్పాను. మన కంటికి అందని వెలుగు ఒకటుంది. ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రాల గుంపుల నుంచి, దుమ్మును దాటుకుని వస్తుంది. దాన్ని రంగులు రంగులుగా విడదీస్తే ఆ గుంపు ఎంత దూరంలో ఉందో, అందులో ఏ వాయువులున్నాయో తెలుస్తుంది. ఇదివరకు ఆ పనికి బీరువా అంత యంత్రం కావలసి వచ్చేది. మాది బొటనవేలి గోరంత చిప్పు. దాని మీద వెంట్రుక కన్నా సన్నని లోహపు గీతలుంటాయి. ఒక్కో గీత ఒక్కో రంగుకే పలుకుతుంది, మిగతావాటికి మూగ. అయితే మామూలు చలి చాలదు. ఇక ఇంతకన్నా చల్లబడేది లేదన్న చోటికి దాదాపు చేరాలి. అప్పుడు ఆ లోహంలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది, అప్పుడే గీతలు పలుకుతాయి. ఆ చలి నా పూచీ.

ఆమె గరిటె పట్టుకుని అంతా వింది.

"ఇంతసేపు మాట్లాడారేంటివాళ? ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందన్నాను.

"అంటే ఐసే కదా," అంది.

ఫిబ్రవరి 6, గురువారం

మబ్బు. పని ఎక్కువ, ఇంటి పని ఏదీ చేయలేదు.

ఇవాళ చుట్టాన్ని పట్టుకోవాలని మేడం పంతం. ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెళ్ళాం. ఏసీ ఆపాం. వచ్చాడు. లిఫ్టు ఆపించాం. మూడో అంతస్తు వాళ్ళు మెట్లెక్కుతూ మమ్మల్ని తిట్టుకున్నారు. అయినా వచ్చాడు. పక్క గదిలో పంపు అడుగున స్పాంజి పెట్టాం. గడియారంలో బ్యాటరీ తీసేశాం. మేడం చెప్పులు విడిచి తిరిగారు. చివరికి అందర్నీ ఊపిరి కూడా బిగబట్టమన్నారు. మాస్టారు బిగబట్టారు. మొహం కందగడ్డలా అయింది. గీతలు తిన్నగా పోతున్నాయి. "చూశారా, మాస్టారి ఊపిరే!" అన్నారు మేడం. మాస్టారు ఊపిరి వదిలి మామూలుగా పీల్చుకున్నారు. గీతలు అప్పుడూ తిన్నగానే ఉన్నాయి.

చేసేదేమీ లేక నేను మూలన కూర్చుని పాత గొట్టం ఫ్లాంజికి బోల్టులు బిగిస్తున్నాను. అంతలో చుట్టం వచ్చేశాడు.

ఒక సంగతి గమనించాను. ఒంటిగంటకు నేను భోజనానికి లేస్తే చుట్టం కూడా వెళ్ళిపోతాడు. తిరిగొచ్చి పనిలో కూర్చున్న కాసేపటికి వస్తాడు. ఇది మాస్టారికి చెప్పాను. "భోజనం వేళకు వెళ్ళిపోయే చుట్టాన్ని నేనింతవరకు చూళ్ళేదు గురూ," అన్నారు. భవనంలో ఎవరో యంత్రం నడుపుతూ భోజనానికి ఆపుతున్నారని తేల్చాం. ఇక అన్ని గదులూ తిరగాలి.

అంత హడావుడిలోనూ నా వల్ల చిన్న చప్పుడు లేదు. ఆ గదిలో నోరు మెదపని మనిషిని నేనొక్కణ్ణే.

ఫిబ్రవరి 8, శనివారం

ఎండ. బీరువా మీది దుమ్ము దులిపాను. మంకీ క్యాప్ ఒకటి కొన్నాను. చెవిలో గాలి దూరుతోంది.

"ఈ ఎండల్లో ఎవరికండీ ఇది? కొండకా?" అంది మా ఆవిడ.

చెవికి అన్నాను.

"తుమ్మెదగారికి చెవిపోటు కూడానా," అని నవ్వింది.

పెళ్ళయిన కొత్తలో పెట్టిన పేరు అది. నేను నలుపు కాబట్టి. నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆమె మాత్రం ఏమంత తెలుపని.

ఫిబ్రవరి 10, సోమవారం

చిరుజల్లు. మేడ మీద నీళ్ళ తొట్టి మూత సరిచేశాను.

భవనంలో అన్ని గదులూ తిరిగాం. భోజనానికి ఆపే యంత్రం ఎక్కడా దొరకలేదు. కింద జిరాక్సు అమ్మాయి మాత్రం ఒంటిగంటకు మెషీను ఆపుతానంది. మాస్టారు ఆమెను దొంగను చూసినట్టు చూశారు. ఆ మెషీను తీసుకెళ్ళి వరండా చివర పెట్టించాం. మూడింటికి చుట్టం యథాప్రకారం వచ్చాడు. మాస్టారు వెళ్ళి ఆమెకు క్షమాపణ చెప్పి వచ్చారు.

తర్వాత మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. గీతల ఊపును చప్పుడుగా మార్చి, కంప్యూటర్‌కు ఇయర్‌ఫోన్ పెట్టి విన్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. లోపల ఊఁ ఊఁ అంటూ ఏదో మూలుగు. ఎక్కుతుంది, ఒకచోట మెలిక తిరుగుతుంది, దిగుతుంది.

"యంత్రంలా లేదు గురూ. ఏదో ప్రాణమున్నదే."

పంపు అన్నాను. పంపులన్నీ నాకు తెలుసు. పాతబడ్డ పంపు ఇలాగే మూలుగుతుంది. నిజానికి ఎప్పుడో ఎక్కడో విన్నట్టే ఉంది. ఏ పంపో గుర్తు రావడంలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

సెలవు పెట్టాను. పంటినొప్పి. డాక్టరు పన్ను పీకి దూది కుక్కాడు.

సాయంత్రం మాస్టారు ఫోన్: ఇవాళ చుట్టం రానే లేదట. నేను లేని రోజునే మంచి రోజు కావడం నా దురదృష్టం.

ఫిబ్రవరి 12, బుధవారం

ఎండ. నోట్లో దూదితోనే వెళ్ళాను. చుట్టం రాలేదు. మేడం నా వైపు చూసి, "మీ పన్నుతో పాటు పోయాడు బాబాయ్ గారూ," అన్నారు. నవ్వబోతే నొప్పెట్టింది.

మాస్టారు సోమవారం నాటి మూలుగును నా ఫోన్‌కు పంపారు, ఏ పంపో గుర్తుపట్టమని. సాయంత్రం వంటింటి గడప దగ్గర స్టూలు మీద కూర్చుని మూడుసార్లు పెట్టి విన్నాను. మా ఆవిడ అటు తిరిగి పోపు వేస్తోంది. తిరగకుండానే అడిగింది:

"ఏంటి, మీ కూనిరాగం మీరే రికార్డు చేసుకున్నారా?"

ఫిబ్రవరి 13, గురువారం

ఏమీ రాయను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మబ్బు. కిటికీ ఊచలు తుడిచాను.

నేను కూనిరాగాలు తీసే మనిషిని కాను. ఈ మాట ఆమెకు నిన్న మూడుసార్లు చెప్పాను.

"ఊచలు తుడుస్తూ ఇప్పుడు చేసిందేంటి?" అంది ఇవాళ.

ఏమీ చేయలేదన్నాను.

"ముప్పై ఏళ్ళ నుంచి వింటున్నాను. పని పట్టుకుంటే చాలు, ఊఁ ఊఁ అని. ఒకటే రాగం. పిల్ల చిన్నప్పుడు మీరు కుళాయి బిగిస్తుంటే నిద్రపోయేది. తుమ్మెదని ఊరికే అన్నాననుకున్నారా?"

నలుపని అనుకున్నానన్నాను.

ఆమె గరిటె కింద పెట్టి నవ్వింది. అంతసేపు నవ్వాల్సిన అవసరం లేదు.

ఫోన్లో అమ్మాయిని అడిగాను. "నాన్నా, నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో దాన్నిబట్టే కదా తెలిసేది," అంది. ఇద్దరూ ఒకటే.

ఫిబ్రవరి 15, శనివారం

సరే. తీస్తాననే అనుకుందాం. దానికీ పెట్టెకూ ఏమిటి సంబంధం అని పొద్దుటి నుంచి ఆలోచించాను. సంబంధం ఉంది. పెట్టె కిటికీకి ఉన్నది పలచటి ప్లాస్టిక్ పొర. వెలుగు లోపలికి పోవాలంటే పలచగానే ఉండాలి. లోపల గాలి లేదు కాబట్టి డోలు చర్మంలా బిగిసి ఉంటుంది. నేను ఎప్పుడూ దాని పక్కనే నిలబడి పనిచేస్తాను. డోలు దగ్గర ఊఁ అంటే అది ఊఁ అనకుండా ఎలా ఉంటుంది. పొర వణికితే లోపలికి పోయే వెలుగు వణుకుతుంది, వెలుగు వణికితే గీతలన్నీ ఊగుతాయి. పాత చిప్పులకు ఇంత సన్నటి వణుకు అందేది కాదు, దీనికి అందుతోంది.

మేడంకు చెప్పాలి. చెబితే కొండ మీదకు నన్నెందుకు తీసుకెళ్తారు? చుట్టాన్ని వెంటబెట్టుకుని ఎవరైనా వెళ్తారా?

పిప్పరమెంట్లు ఒక డబ్బా కొన్నాను. నోట్లో ఉంటే ఊఁ అనడం కుదరదు.

కొండ మీద ఆరాటం లేదని ఈ నెల మొదట్లో రాశాను. అది అప్పటి సంగతి.

ఫిబ్రవరి 17, సోమవారం

ఎండ. రోజంతా పిప్పరమెంటు. చుట్టం రాలేదు. మాస్టారు తెర ముందు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నారు. మేడం, "ఇంకో రెండు రోజులు రాకపోతే కొండకు కబురు పంపేద్దాం," అన్నారు. నా బుగ్గ చూసి, "పన్ను పీకిన వాపు ఇంకా తగ్గలేదేంటి?" అని అడిగారు.

తల ఊపాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

మబ్బు. చెప్పుకోదగ్గ ఇంటి పని లేదు.

ఇవాళ్టిది రాయకపోతేనే బాగుండును. ఆఖరి చలి దించేటప్పుడు హీలియం వాల్వును కొద్దికొద్దిగా తెరవాలి. ఎంతసేపు ఆగి ఎంత తిప్పాలో పుస్తకంలో లేదు. నా చేతికి తెలుసు. పదకొండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ పిప్పరమెంటు చప్పరిస్తూ వాల్వు మీద చెయ్యి వేస్తే, ఎంతసేపు ఆగానో తెలియలేదు. ముందు తిప్పానో తర్వాత తిప్పానో తెలియలేదు. హీలియం అంతా బుస్సున పొంగి ఆవిరైపోయింది. పెట్టె వేడెక్కింది. మళ్ళీ దించాలంటే రెండు రోజులు.

మేడం కేకలు వేసినా బాగుండేది. "పన్ను నొప్పితో ఎందుకొచ్చారండీ, ఇంటికెళ్ళి పడుకోండి," అన్నారు.

ఇంటికి వచ్చి గ్యాసు పొయ్యి మీద పాలు పెట్టి, మంటను కొద్దికొద్దిగా తగ్గించి చూశాను, వాల్వు తిప్పినట్టు. నోట్లో పిప్పరమెంటుతో ఒకసారి. పొంగాయి. ఉమ్మేసి ఇంకోసారి. పొంగలేదు.

"మొదటిసారి రాగమే లేకుండా తిప్పేశారు," అంది మా ఆవిడ, పొయ్యి గట్టు తుడుస్తూ. "ఆ మెలిక దగ్గరికొచ్చాక కదా మీరు తిప్పేది."

అయితే నా చేతికి ఏమీ తెలియదు. తెలిసిందంతా ఊఁ ఊఁకే.

ఫిబ్రవరి 19, బుధవారం

చిరుజల్లు. మా ఆవిడతో ఇలా జరిగింది:

"చెబితే కొండ పోతుంది," అన్నాను.

"చెప్పకపోతే?"

"నోరు మూసుకుని వెళ్తాను."

"నోరు మూసుకుంటే వాల్వు తిరగదు కదా. అంత దూరం వెళ్ళి అక్కడ పాలు పొంగించి వస్తారా?"

మంకీ క్యాప్ మడిచి బీరువాలో పెట్టాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఎండ. చెప్పేశాను.

టీ వేళ చెప్పాను. ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియక, చుట్టం నేనే అన్నాను. ఇద్దరూ కప్పులు పట్టుకుని చూశారు. మాస్టారు పంపిన ఆ మూలుగును నా ఫోన్లో పెట్టాను, తర్వాత ఒక బోల్టూ పానా చేతిలోకి తీసుకుని బిగించాను. ఇద్దరూ ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి నా వైపు చూశారు. బోల్టు బిగిసేసరికి మేడం కప్పు బల్ల మీద పెట్టేశారు.

"ఇన్నాళ్ళూ చుట్టాన్ని కూర్చోబెట్టి మనమే టీ ఇస్తున్నామన్నమాట," అన్నారు మాస్టారు.

మేడం నవ్వడం మొదలుపెట్టారు. మా ఆవిడ నవ్వినంతసేపూ నవ్వారు. లిఫ్టు ఆపించినందుకు మూడో అంతస్తు వాళ్ళకు ఏం చెప్పాలని ఒకసారి, జిరాక్సు అమ్మాయిని తలచుకుని ఇంకోసారి. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయారు.

"మాస్టారూ, కొండ మీద గాలి ఎలా ఉంటుంది?"

"హోరుమని ఉంటుంది మేడం. మనిషి మాట మనిషికి వినపడదు."

"బాబాయ్ గారి ఊఁ ఊఁకే వణికే కిటికీ ఆ హోరుకు ఏమైపోతుంది?"

ఆ తర్వాత మేడం చెప్పింది ఇది: తప్పు గొంతుది కాదు, కిటికీది. ఇక్కడ తెలియకుండా పైకి వెళ్ళి ఉంటే గాలి వీచిన ప్రతిసారీ గీతలు ఊగేవి, ఏం చేయాలో తెలియక దిగిరావలసి వచ్చేది. కిటికీ బాగుపడితే ఇద్దరూ వెళ్తారు. బాగుపడకపోతే ఎవరూ వెళ్ళరు.

"మీరు మాత్రం దయచేసి ఆ పిప్పరమెంట్లు పారేయండి," అన్నారు. డబ్బా మాస్టారికి ఇచ్చాను. ఆయన అప్పటికప్పుడే రెండు నోట్లో వేసుకున్నారు.

ఫిబ్రవరి 22, శనివారం

ఎండ. శనివారమైనా వెళ్ళాం. పెట్టె మళ్ళీ చక్కగా దిగింది. ఊఁ ఊఁ అన్నానేమో నాకు తెలియదు, అన్నానని మాస్టారు అన్నారు.

మెత్తటి రబ్బరు చుట్ట ఒకటి కోసి, దానికి ఇంకో పొర బిగించి, కిటికీ మీద బయటినుంచి తొడిగే మూతలా చేశాం. చప్పుడు ముందు ఈ రెండో పొరకు తగులుతుంది, రబ్బరు దాన్ని మింగేస్తుంది. అలా జరగాలి. జరిగిందో లేదో తెలియాలంటే కిటికీ ముందు చప్పుడు చేసి చూడాలి. మూత లేకుండా ఒకసారి, మూత పెట్టి ఒకసారి.

మాస్టారు స్పీకరు తెచ్చారు. ఆన్ చేయకముందే గీతలన్నీ చెదిరిపోయాయి. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, చిప్పుకు అయస్కాంతం గిట్టదు. ఆ మాత్రం మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురం మరిచిపోయాం.

మనిషి గొంతే కావాలని తేలింది. మేడం ఊఁ అన్నారు. ఆమెది సన్నటి గొంతు, గీతలు కదల్లేదు. మాస్టారు ఊఁ అన్నారు. ఊఁ కన్నా దగ్గు ఎక్కువ వచ్చింది. గీతలు కొంచెం చిరాకు పడ్డట్టు కనిపించాయి కానీ ఊగలేదు. ఆ పొరకు సరిపడే మంద్ర గొంతు ఒక్కటే ఉంది.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

ఫిబ్రవరి 24, సోమవారం

మబ్బు. ఇంటి పని లేదు.

రాలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కిటికీ ముందు నిలబెట్టారు. నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఇంకోసారి తెరిస్తే ఎద్దు రంకెలాంటిది వచ్చింది. మాస్టారు ఉలిక్కిపడ్డారు.

"అది కాదు గురూ. మామూలుగా. మీరు తీసేది."

నేను తీసేది ఏదో నాకు ఎలా తెలుస్తుంది? ఫోన్లో రికార్డు వినిపించారు. వింటే ఇంకా రాలేదు. "మేం చూడం," అని ఇద్దరూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఇద్దరి వీపులు చూస్తూ ఊఁ అనడం మరీ కష్టం. బోల్టూ పానా ఇచ్చారు. బిగించాను. మనసంతా గొంతు మీదే ఉంది, బోల్టు కూడా సరిగా బిగియలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

రాలేదు.

రేపే ఆఖరు. మేడం కళ్ళ కింద నల్లగా ఉంది. నాకే ముందు టీ ఇచ్చారు. అదే బాధ.

ఫిబ్రవరి 26, బుధవారం

ప్రయోగశాలలో, పెట్టె పక్కన.

ఎండ. పొద్దున దుప్పట్లు ఎండలో వేశాను.

డైరీని ఇంటి గడప దాటించడం ఇదే మొదలు. దాటించింది నేను కాదు. పదకొండింటికి మా ఆవిడ ఇక్కడికి వచ్చింది. నిన్న మాస్టారు ఫోన్ చేసి అన్నీ చెప్పారట. లోపలికి వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇదేనా," అంది. ఐస్ మాట ఎత్తలేదు, అదే పదివేలు.

"ఆయన్ని అడిగితే రాదమ్మా," అని మేడంతో చెప్పింది. "పెళ్ళిలో పాట పాడమంటే పెరటి దారిన వెళ్ళిపోయారు. ఒక కుర్చీ వేయించండి."

కుర్చీ వేశారు. సంచిలోంచి ఈ డైరీ తీసి ఒళ్ళో పెట్టింది.

"రాసుకోండి."

ఏం రాయాలన్నాను.

"రోజూ ఏం రాస్తారో అదే. నేనేమైనా చూశానా?" మేడం వైపు తిరిగి చెప్పింది: "ఈ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు తీసినట్టు ఇంకెప్పుడూ తీయరు."

ఇది నాకు తెలియదు. తెలిసి ఉంటే పెన్సిలు పట్టుకునేవాణ్ణి కాదు.

తెరను నాకు కనపడకుండా అటు తిప్పారు. మేడం, మాస్టారు దాని వెనక ఉన్నారు. మా ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద ఏవో చూస్తోంది. నన్ను చూడటంలేదు. కిటికీకి మూత పెట్టలేదు ఇంకా.

తెర కనపడకపోయినా మాస్టారి మొహం కనపడుతోంది. ఆయన కనుబొమలు ఇప్పుడే పైకి లేచాయి. దిగాయి. మళ్ళీ లేచాయి. మేడం ఆయన భుజం పట్టుకున్నారు.

అంటే వచ్చాడు. అంటే నేను

రాసింది ఆగగానే మాస్టారి కనుబొమలు కూడా ఆగాయి. మా ఆవిడ గోడను చూస్తూనే, "రాయండి," అంది. రాస్తున్నాను. వేరే సంగతి రాస్తాను. ఈ గదికి సున్నం వేసి చాలా కాలమైంది. పైన మూలన చెమ్మ దిగి పెచ్చు ఊడుతోంది. గోడలకు సున్నం వేసేముందు పాతది గీకి నీళ్ళు చల్లాలి, లేకపోతే నిలవదు. ఇంట్లో వరండా గోడకు పోయినసారి అలాగే చేశాం. నేను గీకాను, ఆమె నీళ్ళు చల్లింది. గోడ కన్నా నా మీద ఎక్కువ చల్లింది.

మేడం మునివేళ్ళ మీద వచ్చి కిటికీకి మూత తొడిగి వెళ్ళారు. నేను తల ఎత్తలేదు.

ఇప్పుడు మాస్టారి కనుబొమలు కదలడంలేదు. ఇది మంచికో చెడ్డకో తెలియదు. మూత పనిచేస్తే గీతలు ఊగవు. నేను ఊఁ అనకపోయినా గీతలు ఊగవు. ఏది నిజమో వాళ్ళకు చెవులున్నాయి కాబట్టి తెలుస్తుంది. నా చెవులు నాకు చెప్పడంలేదు. అడగాలని ఉంది. అడిగితే ఆగిపోతుంది, ఉంటే. అందుకని అడగను.

మా ఆవిడ చేతి వేళ్ళు సంచి మీద కదులుతున్నాయి. ఊరికే కాదు. ఒక లెక్కలో. రెండు తట్టి, ఆగి, మెల్లగా ఒకటి. తనకు తెలియకుండానే తడుతోంది. మాస్టారి కాలు కూడా బల్ల కింద అదే లెక్కలో ఆడుతోంది. మొహం మాత్రం తెర వైపే, రాయిలా.

అయితే ఉంది.

ఉండి కూడా ఆయన కనుబొమలు కదలడంలేదు.

ఆగకూడదు. సున్నం సంగతి ఎక్కడ ఆపాను. గోడ బాగా తడిసాక

మేడం ఫోన్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, అయినా వినపడుతోంది. "అవునండీ, వస్తున్నాం... ఇద్దరు. రెండు మంచాలు వేయించండి... ఆ పక్క గదిలో ఎవరుంటారు?... అయితే వాళ్ళకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, ఒకాయన పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తారు... లేదు లేదు, ఆపమనకండి. ఆపితే పెట్టె చల్లబడదు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళు మాత్రం తడుతూనే ఉన్నాయి. మాస్టారు తెర మీదినుంచి తల ఎత్తకుండా, "ఇంకో పది నిమిషాలు గురూ, ఆపకండి," అన్నారు.

ఆపను. రాయడానికి ఇవాళ్టి పనులు ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి, వెళ్ళేటప్పుడు చెప్పులాయన దుకాణం కట్టేసేలోగా వెళ్ళి నా చెప్పులు తెచ్చుకోవాలి. రెండు, బీరువాలోంచి మంకీ క్యాప్ తీయాలి.